భుజం మీది చెయ్యి

కిందటి వారం మనం సిద్దిరాములును అతని ఫోటో స్టూడియో గడపలోనే వదిలేసి వచ్చాం. అతని నోటి నుంచి ఒక అబద్ధం జారిపోయింది. దాన్ని వెనక్కు తీసుకునే దారి అతనికి దొరకలేదు.

కొత్తగా చదువుతున్నవారి కోసం ఆ అబద్ధం పుట్టుక గురించి నాలుగు మాటలు. సాలెపల్లిలో మగవాళ్ళు గల్ఫ్‌కు పోయిన ఇళ్ళలో గోడల మీది జంట ఫోటోలు చాలావరకు సిద్దిరాములు కలిపినవే. మొగుడు దుబాయి నుంచి ఫోన్లో ముఖం పంపిస్తాడు. పెళ్ళాం స్టూడియోకు వచ్చి నిలబడుతుంది. కంప్యూటర్లో ఇద్దరూ పక్కపక్కన చేరుతారు. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ తప్పు పట్టరు. కానీ మంచాన పడ్డ కిష్టవ్వకు అది చాలలేదు. “పక్కకు నిలవడితె సాలదు సిద్దయ్యా. నా కొడుకు చెయ్యి నా కోడలు భుజం మీద ఉండాలె. నేను పోయినంక గా పిల్లకు ధైర్యం ఎవరు?” అన్నది.

చెయ్యి నిజంగా పడితేనే చీర మడత నిజంగా నలుగుతుంది. అయితే ఒకరి ఇల్లాలి పక్కన పరాయి మగవాణ్ణి తెచ్చి నిలబెట్టడానికి సిద్దిరాములుకు మనసొప్పలేదు. నేతవాళ్ళ సంఘానికి అధ్యక్షుడాయె, మార్కండేయ గుడి మంచిచెడ్డలు చూసేవాడాయె. అందుకని తన భార్య పద్మలతకే తన తెల్ల చొక్కా తొడిగి, కిష్టవ్వ కోడలు జమున పక్కన నిలబెట్టాడు. తరువాత మెడ నుంచి పైభాగం తీసేసి కిష్టవ్వ కొడుకు భానుప్రసాద్ ముఖం అతికించాడు. ఎంత మర్యాదగా పని జరిపించానో అని ఆ రోజు తనను తానే మెచ్చుకున్నాడు.

కిష్టవ్వ ఆ ఫోటోను చూస్తూ చూస్తూ కన్నుమూసింది. కొడుకుకు సెలవు దొరకలేదు. దొరికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, గోడ మీద ఫోటో ఉంది. అతికించిన ఫోటో అని భానుప్రసాద్‌కు చూడగానే తెలిసింది. కానీ ఆ వేళ్ళ కింద నలిగిన చీర అతికించింది కాదు. ఎవడో ఒకడు నిజంగానే తన భార్య భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

నలుగురిని వెంటేసుకొని స్టూడియోకు వచ్చి అడిగాడు. లోపల పెళ్ళి ఆల్బం చూసుకుంటున్న చుట్టాలున్నారు. బయట చెవులు రిక్కించుకొని మరో నలుగురున్నారు. నా పెళ్ళానికి మగవాడి చొక్కా తొడిగానని అంతమందిలో చెప్పడానికి సిద్దిరాములుకు సిగ్గు అడ్డం వచ్చింది. “ఫోటో జమునే తెచ్చింది. నేను మొఖమే మార్చిన. పక్కకు నిలవడ్డది ఎవరో నాకెరుక లేదు” అనేశాడు. మరునాడే అక్కకు ఒంట్లో బాగాలేదట అని చెప్పి పద్మలతను బెల్లంపల్లి బస్సెక్కించాడు.

ఇక ఇప్పుడు పంచాయితీ.

*

ఆదివారం పొద్దున్నే మార్కండేయ గుడి పక్కనున్న సంఘం భవనంలో చాపలు పరిచారు. వాడలో సాంచెలు బంద్ పెట్టించారు. రోజూ ఆ మరమగ్గాల మోతలో మాట్లాడీ మాట్లాడీ గొంతులు పెరిగిన మనుషులు, మోత ఆగినా అరుచుకుంటున్నట్టే మాట్లాడుకుంటున్నారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు గోడవారగా మరోవైపు. బల్ల మీద దేవుడి పటం. పటం ముందు దీపం, ఒక నూలుపోగు. వాటి పక్కన, గోడ నుంచి దించి తెచ్చిన ఆ ఫోటో.

సిద్దిరాములు తన కుర్చీలో కూర్చున్నాడు. ఇక్కడున్న ముఖాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు అతని లైటు కింద కూర్చున్నవే. ఎవరి ఎడమ చెంప బాగుంటుందో, ఎవరు నవ్వితే పన్ను బయటపడుతుందో అతనికి తెలుసు. స్టూలు మీద కూర్చున్న మనిషిని “జర గదువ లేపు” అని గడ్డం ఎత్తమంటాడు. లేపినాక “గట్లనే ఉండు” అంటాడు. అతని పెద్దరికం కూడా ఇంచుమించు అట్లాగే నడిచింది. అతను తిప్పమన్న వైపు తల తిప్పడం సాలెపల్లికి అలవాటైపోయింది.

ఆ రోజు మాత్రం అతను ఏ ముఖం వంకా సరిగా చూడలేకపోయాడు. ముఖ్యంగా స్తంభం పక్కన తల్లి భూమవ్వను ఆనుకొని కూర్చున్న జమున వంక.

భానుప్రసాద్ లేచి నిలబడ్డాడు. ఎండకు మాడిన మనిషి. కొత్త చొక్కా మడతలు ఇంకా విప్పుకోలేదు.

“నాకు ఎవ్వలి మీద పగ లేదు కాకా” అన్నాడు. “ఐదేండ్లు గా ఎండల పనిచేసిన. అవ్వకు కొరివి పెట్ట రాకపోతి. ఇంటికొచ్చి చూస్తే నా మొఖమే గోడ మీదికెళ్ళి నన్ను చూసి నవ్వుతుంది. నాకు ఒక్క మాట చెప్పుర్రి సాలు. గా చెయ్యి ఎవలిది? చెప్పకుంటే ఇడుపు కాయిదం రాసియ్యుర్రి. నా తొవ్వ నాది, దాని తొవ్వ దానిది.”

ఇడుపు కాయిదమంటే సంఘం ముందర పెళ్ళి తెంపుకునే పత్రం. అధ్యక్షుడు దాని మీద సంతకం పెడితే, జమున ఆ సాయంత్రానికి బట్టల మూట పట్టుకొని తల్లి వెంట నడవాలి. కోర్టులో అది చెల్లుతుందా అని సాలెపల్లిలో ఎవరూ అడగరు. వాడలో చెల్లుతుంది. ఇక ఎవరిదో తెలియని చెయ్యి పడ్డ మనిషి అన్న మాటను ఏ కోర్టూ కొట్టేయలేదు.

“నువ్వేమంటవు బిడ్డా?” అని హనుమండ్లు జమునను అడిగాడు. సంఘంలో రెండో పెద్దమనిషి అతను. పోటీకి నిలబడ్డ ప్రతిసారీ సిద్దిరాములు చేతిలో ఓడినవాడు.

జమున తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బినా గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“మొదటి దినం చెప్పిందే చెప్తున్న. గా చెయ్యి పద్మలతత్తది. మా అత్త బతిమాలితే సిద్దిరాములు మామ తీసిండు గా ఫోటో. పద్మలతత్త చొక్కా ఏసుకొని నా పక్కకు నిలవడ్డది. నాకు నవ్వొచ్చింది. ఆమెకు గూడ నవ్వొచ్చింది. మామా, నువ్వే గదా నవ్వకుర్రి, ఫోటో పాడైతదని కోపం జేసినవు? నా దిక్కు చూసి చెప్పు మామా.”

“అయితే అధ్యక్షుని పెండ్లాం ప్యాంటు గూడ ఏసుకున్నదా?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. భవనమంతా నవ్వులు.

“మీసం పెట్టలేదానే?”

“మీసమెందుకు, మొఖం భానుగానిదే పెట్టిరి గదా!”

ఈ నవ్వుకే సిద్దిరాములు భయపడింది. ఆ నవ్వు వచ్చింది, పోయింది కూడా. పైకప్పు కూలలేదు. మొదటిరోజే నిజం చెప్పి ఉంటే ఇంతకన్నా ఎక్కువ నవ్వేవారా? నాలుగు రోజులు స్టూడియో ముందు వెక్కిరించేవారు, ఐదో రోజు పాస్‌పోర్టు ఫోటోకు వాళ్ళే వచ్చేవారు. ఈ లెక్క అతనికి ఇప్పుడు అందింది. కానీ అబద్ధం వయసు పెరిగిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే పోయేది సిగ్గొక్కటే కాదు, మాట పోతుంది. సిద్దిరాములు చెప్పిండంటే చెప్పిండే అని సాలెపల్లి అనుకునే మాట. దాని మీదే ఇన్నాళ్ళూ ఎన్ని తగాదాలు తీర్చాడో, ఎంతమంది తల వంచుకొని ఒప్పుకుపోయారో.

“భయానికి ఏదో ఒకటి అంటుంది పిల్ల” అన్నాడు, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంటే. “మా ఆమెను అడుగుదామంటే ఊళ్ళె లేకపాయె. బెల్లంపల్లిల వాళ్ళ అక్కకు పానం బాగలేదు.”

“అక్కకేం కాలే. మంచిగనే ఉన్నది. నిన్న తలకాయ కూర వండిపెట్టింది.”

అందరూ గుమ్మం వైపు తిరిగారు. పద్మలత చేతిలో సంచీతో నిలబడి ఉంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, పైటంతా దుమ్ము. చెప్పులు విడిచి, సంచీ పక్కన పెట్టి, ముందు దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

సిద్దిరాములు కుర్చీలోంచి సగం లేచాడు. “నువ్వెందుకొచ్చినవు? ఇంటికి నడువు. ఇంట్ల మాట్లాడుకుందాం.”

“ఇంట్ల నువ్వు నాకు బస్సు చార్జీలే ఇచ్చినవు. ముచ్చట చెప్పలే. భూమక్క ఫోన్ జేస్తె తెలిసింది నాకు, నేను ఎందుకు బెల్లంపల్లికి పోయిన్నో.”

“ఆడోళ్ళు పంచాయితీల...”

“ఆగు సిద్దన్నా” అని హనుమండ్లు చెయ్యి అడ్డం పెట్టాడు. సంతోషాన్ని దాచుకోవడం అతనికి చేతకాదు. “మాట్లాడనీ వదినను. ఆడామె బతుకు ముచ్చట ఆడామె మాట్లాడితే ఏం పోయింది?”

పద్మలత బల్ల దగ్గరకు నడిచి, కుడిచెయ్యి చాపి ఫోటో పక్కన పెట్టింది. చిన్నప్పటి నుంచి నూలు కండెలు చుట్టిన చెయ్యి. వేళ్ళు లావు, కణుపులు పెద్దవి. ఆ చేతి కష్టంతోనే సిద్దిరాములు స్టూడియోకు మొదటి కెమెరా వచ్చింది. ఈ ఫోటో తీసిన రోజు అతను ఆ చెయ్యిని చూసి, “నీది మొగోని చెయ్యి లెక్కనే ఉన్నది, మంచిదే అయింది” అన్నాడు. ఆమె అప్పుడు నవ్వి ఊరుకుంది.

“గీ చెయ్యి నాది” అన్నది పద్మలత. “జమునది ఏ తప్పు లేదు. కిష్టక్క మమ్ముల అడిగింది, మేం చేసినం. అంతే.”

భానుప్రసాద్ ఆ చేతినీ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. అతని ముఖంలో ఏదో సడలింది. నమ్మాలని అతనికీ ఉంది. కానీ అతని మేనమామ వెంటనే అడ్డుపడ్డాడు. “ఒక ఆడిదాన్ని కాపాడేటందుకు ఇంకో ఆడిది ఏమన్న అంటది. లావు వేళ్ళు ఊళ్ళె ఎంతమందికి లేవు? ఫోటో తీసినాయిన అక్కడ్నే కూసున్నడు. ఆయననే చెప్పుమనుర్రి.”

“అది గూడ సక్కటి మాటే” అన్నాడు హనుమండ్లు. “సిద్దన్నా, కట్టుబాటు నీకు చెప్పేటంతటోణ్ణి గాదు. ఎంతమందితోని పట్టించినవు నూలు! గీ ఒక్కసారి నువ్వు పట్టు. పట్టి చెప్పు.”

మాట ఎటూ తేలనప్పుడు, మార్కండేయుడి ముందున్న నూలుపోగు చేతిలోకి తీసుకొని చెప్పిన మాటే ఆ వాడలో చివరి మాట. నూలు పట్టి అబద్ధమాడిన ఇంట్లో మగ్గం ఆగిపోతుందని పెద్దలంటారు. సిద్దిరాములు ఇంట్లో ఇప్పుడు మగ్గం లేదు, తండ్రితోనే పోయింది. అయినా రెండుసార్లు చెయ్యి తుడుచుకొనిగానీ నూలుపోగు అందుకోలేదు.

పద్మలత అతని కళ్ళలోకి చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు. ఇంటాయన నూలు పట్టుకుంటే అబద్ధమాడడన్న ధీమా ఉంది. రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టనిదే స్టూడియో షట్టరు ఎత్తని మనిషాయె.

ఆ ధీమాను చూసే సిద్దిరాములు తల తిప్పుకున్నాడు. మనసులో ఏవేవో సర్దుకున్నాడు. జమున చిన్నపిల్ల. తల్లి ఉంది. కరీంనగర్‌లో ఏ బట్టల దుకాణంలోనో పని చూపించవచ్చు. కొన్నాళ్ళకు ఎవరికీ గుర్తుండదు. ఎదుటివాళ్ళ బతుకును మనం ఎంత తొందరగా మడతపెట్టి అల్మారాలో పెట్టేస్తామో! దేవుడంటే నమ్మకం లేక కాదు అతను ఆ పని చేసింది. నమ్మకం ఉండీ చేశాడు. అదెట్లా కుదిరిందని అడిగితే అతనూ చెప్పలేడు.

“గా చెయ్యి నా భార్యది కాదు” అన్నాడు.

ముందుగా భూమవ్వ నెత్తి కొట్టుకుంది. “అయ్యో నా బిడ్డా! దేవుని ముంగట ఎంత మాటన్నడే!” జమున ఏడవలేదు. చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. సంఘం పనులు చూసే వెంకటి, రాసి పెట్టుకున్న ఇడుపు కాయిదాన్ని బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి అధ్యక్షుడి ముందు పెట్టాడు.

పద్మలత బల్ల మీది చెయ్యి వెనక్కు తీసుకుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి కోపం చూసింది, మొండితనం చూసింది, డాబు చూసింది. ఇది చూడలేదు. తరువాత అతనితో కాకుండా భానుప్రసాద్ వైపు తిరిగి మాట్లాడింది.

“కొడుకా, గా చెయ్యిని నువ్వు మంచిగ చూసినవా?”

“కండ్లు మూసినా గదే కనవడుతుంది చిన్నమ్మా.”

“మనికట్టుకు ఏమున్నది?”

“గడియారం. స్టీలు పట్టీది.”

“టైము కనవడుతుందా?”

భానుప్రసాద్ ఫోటో చేతిలోకి తీసుకొని కిటికీ వెలుతురుకు పట్టాడు. “కనవడ్తలేదు. బిళ్ళ కిందికున్నది. పట్టీ కొండి మీదికున్నది.”

“ఆడిదాని చెయ్యని తెల్వద్దని గడియారం పెట్టిండు నాకు. గాజులు తియ్యనంటే తియ్యనన్న. ముత్తైదువను, ఎట్ల తీస్త? అందుకే గాజులు మీదికి ఎగదోసి చొక్కా చేతుల దాచిండు. గడియారం ఆయనది. ఆయన తన చేతికి ఎట్ల పెట్టుకుంటడో నాకు గట్లనే పెట్టిండు. ఇగ చూడుర్రి ఆయన చెయ్యి.”

ఆమె చెప్పాల్సిన పనిలేదు. సాలెపల్లిలో గడియారాన్ని తిరగేసి పెట్టుకునేవాడు ఒక్కడే. లైటు పడి అద్దం మెరిస్తే ఎదుట కూర్చున్నవాళ్ళు కళ్ళు చిట్లిస్తారని, సిద్దిరాములు ఎప్పుడూ బిళ్ళను మణికట్టు లోపలికి తిప్పే పెట్టుకుంటాడు. వాడలో పిల్లలు కూడా రబ్బరు గడియారాలు అట్లాగే పెట్టుకొని “జర గదువ లేపు” అంటూ అతన్ని అనుకరిస్తుంటారు. అందరి కళ్ళూ ఒక్కసారి అతని చేతి మీద పడ్డాయి. నూలుపోగు ఇంకా ఆ చేతిలోనే ఉంది. గభాలున చెయ్యి కిందికి దించబోయాడు.

“ఉండు కాకా” అన్నాడు భానుప్రసాద్.

ఫోటో పట్టుకొని కుర్చీ దగ్గరకు వచ్చాడు. అధ్యక్షుడి చెయ్యి పట్టుకొని ఫోటో పక్కన పెట్టాడు. అదే పట్టీ. అదే కొండి. కొండి పక్కన అదే చిన్న సొట్ట.

పద్మలత ఊపిరి వదిలింది. ఆమె మటుకు పంచాయితీ అయిపోయిందనుకుంది. భూమవ్వ లేచి కూతురి తల నిమరబోయింది.

భానుప్రసాద్ ముఖం మాత్రం తేలికపడలేదు. మెల్లమెల్లగా నల్లబడింది.

“గడియారం నీదే కాకా” అన్నాడు. “చెయ్యి చిన్నమ్మది కాదని నువ్వే అంటివి. నూలు పట్టి అంటివి. నీ మాట అబద్ధం కాదని నేను చిన్నప్పటిసంది ఇన్న. మరి...” ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టాడు. “మరి నా పెండ్లాం భుజం మీద చెయ్యేసుకొని నిలవడ్డది నువ్వేనా?”

ఆ మాట భవనం ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి ఒక్క క్షణం పట్టింది. చేరిన తరువాత చాపల మీదున్న మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో “థూ” అన్నారు. అప్పటిదాకా గట్టిగా ఉన్న జమున రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది. పేరులేని చెయ్యి పోయింది. ఇప్పుడు పేరున్న చెయ్యి, మొగుడికి తండ్రి వరసైన మనిషి చెయ్యి, ఆమె భుజం మీద పడింది.

“వెంకటీ, గా కాయిదం పక్కకు పెట్టు” అన్నాడు హనుమండ్లు. అతని గొంతులో ఇప్పుడు సంతోషం కూడా లేదు, నిజమైన అసహ్యమే ఉంది. “దాని ముచ్చట తర్వాత. సిద్దన్నా, ముందుగాల నువ్వు గా కుర్చీల కెళ్ళి లేవు.”

“కాదు” అన్నాడు సిద్దిరాములు. “కాదు, నేను కాదు, నేను కెమెరా వెనుక...”

“నువ్వు కెమెరా వెనుక ఉంటే చెయ్యెవలిది?” అని పదిమంది ఒక్కసారే అరిచారు.

అతను భార్య వైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ ఆమెను అట్లా చూసి ఉండడు. లైటు కింద కూర్చొని, ఎటు చూడమంటారని అడిగే మనిషిలా చూశాడు.

పద్మలత జమున దగ్గరకు వెళ్ళింది. ముఖం మీది చేతులు తీయకుండానే ఆ పిల్లను లేపి నిలబెట్టింది. ఆమె పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా, లావు వేళ్ళ కుడిచెయ్యి ఆమె భుజం మీద వేసింది.

“నా దిక్కు చూడకు” అన్నది భర్తతో. “నూలు ఇంక నీ చేతులనే ఉన్నది. అందరికి ఇనవడేటట్టు చెప్పయ్యా. గా చెయ్యి నాదా, నీదా?”